గొంతు పక్కన సితార్

1979లో స్పెయిన్‌లో ఒక ఎల్‌పీ రికార్డు వచ్చింది. పేరు ‘లా లెయెందా దెల్ తియెంపో’. పాడినవాడు కామరోన్. కాదిస్ దగ్గర సాన్ ఫెర్నాందోలో 1950లో పుట్టిన జిప్సీ ఫ్లమెంకో గాయకుడు. అప్పటికే ఆయన గొంతంటే దక్షిణ స్పెయిన్‌లోని అందలూసియా జనం ప్రాణం పెట్టేవాళ్లు. అంతకు ముందు రికార్డుల్లో ఆయన పక్కన పాకో దె లూసియా గిటార్ ఉండేది, చప్పట్లు ఉండేవి, అంతే. ఈసారి పాకో లేడు. ఎలక్ట్రిక్ గిటార్, కీబోర్డు, డ్రమ్స్ వచ్చాయి. పాటల్లో చాలావాటికి సాహిత్యం స్పానిష్ కవి లోర్కా కవిత్వం. కొనుక్కెళ్లిన జిప్సీలు కొందరు “ఇది కామరోన్ కాదు” అని రికార్డు వెనక్కి తెచ్చి దుకాణంలో ఇచ్చేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పట్లో అది పెద్దగా అమ్ముడుపోలేదు. ఈరోజు ఫ్లమెంకో చరిత్ర రాసేవాళ్లు ఆ ఏడాదిని దాటి ముందుకు పోలేరు.

ఆ రికార్డులో ఆఖరి పాట జోలపాట. లోర్కా నాటకం ‘రక్తకల్యాణం’లో పసివాణ్ణి నిద్రపుచ్చుతూ పాడే పాట అది, నీళ్లు తాగనన్న పెద్ద గుర్రం గురించి. స్పెయిన్ పల్లెల్లో జోలపాటల్ని ‘నానా’ అంటారు. మన లాలిపాటల్లాగే అవి ఇళ్లలో పుట్టినవి, కచేరీ కోసం కట్టినవి కావు. ఆ నానాలో కామరోన్ గొంతుకు తోడుగా వినబడేది సితార్. వాయించినవాడు భారతీయుడు కాదు. సెవిల్‌లో 1945లో పుట్టిన గ్వాల్బెర్తో గార్సియా. ‘స్మాష్’ అనే రాక్ బృందంలో గిటార్ వాయిస్తూ పైకొచ్చిన మనిషి. బీటిల్స్, రవిశంకర్ పుణ్యమా అని 1960ల చివర్లో సితార్ ప్రపంచమంతా తిరిగింది. ఎక్కువమంది దాన్ని కాసిని రోజులు మోజుగా మోగించి మూలన పెట్టారు. గ్వాల్బెర్తో మూలన పెట్టలేదు. తన ఊరి పాట దాంట్లో పలుకుతుందేమోనని వెతికాడు.

నేను విజయనగరంలో వీణ నేర్చుకుని, పెళ్లయి హైదరాబాద్ వచ్చాక సితార్ పట్టుకున్నదాన్ని. ఆ నానా మొదటిసారి విన్నప్పటినుంచీ నాకొక ఆలోచన పట్టుకుంది. సితార్‌నీ ఫ్లమెంకోనీ కలపాలనుకునేవాళ్లందరూ దాన్ని గిటార్ ఎదురుగా కూర్చోబెడతారు. ఇదీ తీగల వాద్యమే, అదీ తీగల వాద్యమే కదా అని. కానీ సితార్ చోటు అక్కడ కాదు. దాని చోటు పాడే మనిషి పక్కన. గ్వాల్బెర్తోకి ఆ సంగతి తెలుసు.

ఫ్లమెంకో అనగానే మనకు గుర్తొచ్చేది కుచ్చుల గౌను, కాళ్ల చప్పుడు, వేగంగా పరిగెత్తే గిటార్. ఆ ఊళ్లవాళ్లకి మాత్రం ముందు పాట. ‘కాంతె’ అంటారు. ఆటైనా గిటారైనా దాని తర్వాతే. అందులోనూ లోతైన రకాలుంటాయి: సొలెయా, సెగిరియా, కమ్మరి కొలిమి దగ్గర పుట్టిన మార్తినేతె. ఈ చివరిదానికి గిటార్ కూడా ఉండదు, గొంతొక్కటే. 1922 జూన్‌లో గ్రనాడాలోని అల్‌హంబ్రా కోటలో సంగీతకర్త మాన్వెల్ దె ఫాయా, లోర్కా కలిసి ఈ లోతైన పాటకి పోటీ ఒకటి పెట్టారు. కాఫీ హోటళ్ల కచేరీల్లో పడి అసలు పాట పోతోందని వాళ్ల బెంగ. ఆ సందర్భంగా ఫాయా రాసిన చిన్న పుస్తకంలో ఈ పాట లక్షణాలు కొన్ని చెప్పాడు. స్వరానికీ స్వరానికీ మధ్య అరస్వరం కంటే చిన్న మెలికలుంటాయి. పాట పరిధి సాధారణంగా ఆరు స్వరాలు దాటదు. ఒకే స్వరాన్ని పట్టుకుని, పైనుంచీ కిందనుంచీ తాకుతూ, మళ్లీ మళ్లీ దానిమీదకే వస్తారు. ఇవన్నీ చెబుతూ భారతదేశపు పాటతో పోలిక కూడా ఎత్తాడు.

వీటిలో ఆ చిన్న మెలికలు, ఒకే స్వరాన్ని పట్టుకుని నలపడం గిటార్‌కి కష్టం. ఫ్లమెంకో గిటార్‌ని సైప్రస్ చెక్కతో తేలిగ్గా చేస్తారు. మీటగానే టక్కుమని పలుకుతుంది, వెంటనే ఆరిపోతుంది. తాళానికి, కాళ్ల చప్పుడుకి అది చక్కగా సరిపోతుంది. కానీ నైలాన్ తీగని పక్కకి లాగి స్వరాన్ని పెద్దగా వంచడం అయ్యే పని కాదు. అందుకే గాయకుడు ఒక స్వరంమీద నలుగుతూ ఉంటే గిటారిస్టు కింద కార్డు వేసి ఆగుతాడు, అతను ఊపిరి తీసుకున్నప్పుడు జవాబు చెబుతాడు. సితార్‌కి ఆ అవస్థ లేదు. ఎడమ చేతి వేలితో తీగని ఒక మెట్టు మీద నొక్కి, పక్కకి లాగితే నాలుగైదు స్వరాలు ఆ ఒక్క మెట్టు మీదే పలుకుతాయి. మీండ్ అంటారు. కుడి చూపుడు వేలికున్న మిజ్రాబ్‌తో ఒక్క మీటు చాలు, మిగతాదంతా లాగుడే. సొలెయాలో గాయకుడు ఒక పాదం మొదలుపెట్టి, పైకెక్కి, వణికించి, దించి ముగించేదంతా దాదాపు ఒక్క లాగుడులో వచ్చేస్తుంది. కింద ఉన్న పదకొండు, పదమూడు తరఫ్ తీగలు ఆ స్వరాల్ని పట్టుకుని వాటంతటవే మోగుతాయి.

స్వరాల సంగతికొస్తే తెలుగువాళ్లకి ఇది అసలు కొత్త కాదు. ఫ్లమెంకో పాటలు చాలావాటికి ఆధారమైన స్వరాల వరస, ఉన్నదున్నట్టు చెప్పాలంటే, మన హనుమతోడి: శుద్ధ రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం. హిందుస్తానీలో భైరవి థాట్. అయితే ఫ్లమెంకోలో ఒక మెలిక ఉంది. మ-గ-రి-స అంటూ దిగేటప్పుడు సాధారణ గాంధారం వస్తుంది. షడ్జమం మీద వాలిన కార్డులో మాత్రం అంతర గాంధారం మోగుతుంది. ఆ గాంధారం వేస్తే అది వకుళాభరణం, 14వ మేళకర్త. త్యాగరాజస్వామి ‘ఈ రాముని నమ్మితినో’ ఆ రాగంలోనే. అంటే పాట తోడిలో దిగి వకుళాభరణంలో కూర్చుంటుంది. మన పద్ధతిలో సాధారణంగా ఒక రాగంలో ఈ రెండు గాంధారాలూ ఇలా పక్కపక్కన నిలవవు. ఫ్లమెంకో రుచి అంతా అక్కడే ఉంది. కర్ణాటక సంగీతం విన్న చెవికి ఆ దిగుడు చివర ఒక్కసారి గుండె జారినట్టుంటుంది. నా మేనకోడలు సెవిల్‌లో చదువుకుంటున్న రోజుల్లో నేను సితార్ వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లాను. ఆ దిగుడుని చేత్తో పట్టుకుని చూసింది అప్పుడే.

సెవిల్‌లో నది అవతలి ఒడ్డున త్రియానా పేట ఉంది. ఒకప్పుడు కుండలు చేసేవాళ్లు, కమ్మరులు, జిప్సీలు కలిసి బతికిన చోటు. అక్కడ ఒక పెద్దాయన, వయసు మళ్లిన గిటారిస్టు, తన ఇంట్లో కాసేపు కూర్చోమన్నాడు. నా సితార్ షడ్జమం ఎంతో అడిగాడు. సి-షార్ప్ అన్నాను. గిటార్ మెడ మీద బిగించే చిన్న పట్టీ ఉంటుంది, ‘సెహీయా’ అంటారు. దాన్ని నాలుగో మెట్టు దగ్గర బిగించి, ‘ఎ’ కార్డు వేళ్లు పట్టి మీటాడు. నా షడ్జమం మీద సరిగ్గా కూర్చుంది. ఎక్కడ శ్రుతి చేసుకున్నా వేళ్ల పట్టు మార్చకుండా ఆధారస్వరం మార్చుకోగలగడం వాళ్లకి ఆ పట్టీతో అబ్బిన సౌకర్యం. గాయకుడి గొంతుని బట్టి రోజూ చేసే పనే అది.

ఇక నా వైపు పని. వీణకైతే 24 మెట్లు మైనంలో పాతి ఉంటాయి, కదలవు. సితార్ మెట్లు దారంతో కట్టి ఉంటాయి, పైకీ కిందకీ జరుపుకోవచ్చు. మధ్యస్థాయిలో రిషభానికి ఒకటే మెట్టు, ధైవతానికి ఒకటే మెట్టు. ఆ రెండింటినీ కిందకి జరిపి శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం చేసుకున్నాను. గాంధారానికి మాత్రం రెండు మెట్లూ ముందునుంచే ఉన్నాయి, జరపక్కర్లేదు. ఫ్లమెంకోకి కావలసింది సరిగ్గా ఆ రెండు గాంధారాలే! తరఫ్ తీగల్లో కూడా ఒకదాన్ని సాధారణ గాంధారానికి, పక్కదాన్ని అంతరానికి కలుపుకున్నాను. గిటార్ మెట్లు సమానంగా కోసిన పన్నెండు భాగాలు కాబట్టి నా రిషభాన్ని వెంట్రుకవాసి పైకి జరపాల్సొచ్చింది. మన భైరవి రిషభం అంతకంటే కాస్త కిందే ఉంటుంది, దాన్ని వదులుకోవడం నాకు బాధగానే అనిపించింది.

పెద్దాయన భార్య పాడుతుంది. వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి కుర్చీ అంచున కూర్చుని సొలెయా ఎత్తుకుంది. నేను గిటారిస్టు వేళ్లు చూస్తూ వాయించబోయాను. ఆయన ఏదో అన్నాడు. మేనకోడలు నవ్వుతూ చెప్పింది: “అత్తా, నా చేతులు కాదు, ఆమె నోరు చూడు అంటున్నాడు.” నోరు చూస్తూ వాయించాను. ఆమె ఎక్కడ స్వరాన్ని పట్టుకుని నలుపుతుందో, ఎక్కడ ఊపిరి తెగుతుందో కనబడసాగింది. అప్పుడు సితార్ ఆమె గొంతు నీడలాగా నడిచింది. పక్కవాద్యంగా వయొలిన్ గాయకుణ్ణి వెంబడించే పద్ధతి మనకి పుట్టుకతో తెలుసు గనుక, ఆ పని నాకు పరాయిగా తోచలేదు.

పరాయిగా తోచేది తాళం. సొలెయాకి పన్నెండు దెబ్బలు. హిందుస్తానీలో ఏక్‌తాల్‌కీ పన్నెండే కదా అని చాలామంది రెండింటినీ పక్కపక్కన పెడతారు. లెక్క కలుస్తుంది, నడక కలవదు. సొలెయాలో బరువు పడేవి 3, 6, 8, 10, 12. చేత్తో తట్టి చూడండి: ఒకటి రెండు మూడు, నాలుగు ఐదు ఆరు, ఏడు ఎనిమిది, తొమ్మిది పది, పదకొండు పన్నెండు. మూడు, మూడు, రెండు, రెండు, రెండు. ప్రతి ముక్క చివర్లో దెబ్బ. మొదటి అంకె మీద అసలు బలమే లేదు. మనం తీర్మానం వేస్తే, హిందుస్తానీవాళ్లు తిహాయి వేస్తే, అది మామూలుగా వచ్చి వాలేది సమం మీద, అంటే ఒకటి మీద. ఫ్లమెంకోలో వాక్యం ముగిసేది పది మీద. పదకొండు, పన్నెండు ఖాళీగా వదిలేస్తారు, లేదా కాలితో తడతారు. సితార్ విద్వాంసుడు ఎంత గొప్ప తిహాయి వేసినా ఒకటి మీద దిగితే అక్కడున్నవాళ్లకి అది మెట్టు తప్పినట్టే. చప్పట్లలో కూడా రెండు రకాలు. దోసిలి బోలుగా పట్టి చేసే మెత్తటి చప్పట్లు పాట నడుస్తున్నప్పుడు, వేళ్లు అరచేతిమీద పటుక్కుమనేవి ఆటకి. పాడేవాళ్ల గొంతు మీద చప్పట్లు పడకూడదన్న జాగ్రత్త ఎంతో చూడండి. అనాగత, అతీత గ్రహాలు తెలిసిన కర్ణాటక సంగీతజ్ఞుడికి పది మీద ఆగడం అంత కష్టం కాదనే నా నమ్మకం. సమం తప్ప వేరే చోట వాలడం మనకి అలవాటున్న పనే.

ఈ రెండు సంగీతాల కలయిక గురించి మాట్లాడేవాళ్లు తప్పకుండా ఎత్తే కథ ఒకటుంది. జిప్సీలు మన దేశం నుంచి వెళ్లినవాళ్లే కాబట్టి సితార్ ఫ్లమెంకోలో చేరడమంటే వెయ్యేళ్ల కిందట విడిపోయిన అన్నదమ్ములు కలుసుకోవడమేనని. మొదటి సగం నిజం. రొమా ప్రజల, అంటే జిప్సీల, భాష మన ఉత్తరాది భాషల కుటుంబంలోది. వాళ్ల పూర్వీకులు సుమారు వెయ్యేళ్ల కిందట వాయవ్య భారతం నుంచి కదిలారు. 1425 జనవరిలో అరగాన్ రాజు ఐదో అల్ఫోన్సో ‘చిన్న ఈజిప్టు’ వాడినని చెప్పుకున్న ఒక రొమా నాయకుడికి తన రాజ్యంలో తిరగడానికి అనుమతి పత్రం ఇచ్చాడు. స్పెయిన్‌లో వాళ్ల జాడ చెప్పే తొలి కాగితం అదే. 1749లో అదే దేశం ఒకేసారి వేలమంది జిప్సీలని, ఆడా మగా విడదీసి, చెరలో వేసింది. కొలిమి, సంకెల, జైలు ఫ్లమెంకో పాటల్లో ఊరికే రాలేదు.

రెండో సగం నిలబడదు. సితార్ రూపుదిద్దుకోవడం మొదలైంది 18వ శతాబ్దపు ఢిల్లీలో. అప్పటికి జిప్సీలు స్పెయిన్ చేరి మూడు వందల ఏళ్లు దాటింది. వాళ్ల ముత్తాతలెవరూ సితార్‌ని చూసి ఉండరు. పైగా ఫ్లమెంకో ఒక్క జిప్సీలదే కాదు. అందలూసియా రైతుల ఫందాంగోలు, మూర్ల కాలపు అరబ్ పాట, యూదుల పాట అన్నీ ఆ నేలలో కలిశాయి. రక్త సంబంధం చెప్పి ముచ్చటపడితే అసలు సంగతి మరుగున పడిపోతుంది. సితార్ ఆ పాటలో ఇముడుతుందంటే కారణం మీండ్, రెండు గాంధారాలు, మోగుతూనే ఉండే శ్రుతి. ఆ శ్రుతి సంగతైతే గిటార్‌లోనూ ఉంది. ‘ఇ’ ఆధారంగా వాయించేటప్పుడు వాళ్లు రిషభం కార్డు పట్టుకుని కూడా పైనున్న ఖాళీ తీగని, అంటే షడ్జమాన్ని, మోగనిస్తారు. రిషభం, షడ్జమం ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పలికే ఆ కరుకుదనం వాళ్లకి ఇష్టం. తంబుర ముందు కూర్చుని శుద్ధ రిషభం పట్టుకునే తోడి గాయకుడికి ఆ ఒరిపిడి ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

గ్వాల్బెర్తో 1979లోనే అగుహేతాస్‌తో ఇంకో రికార్డు చేశాడు. అగుహేతాస్ హెరెస్ ప్రాంతపు కమ్మరి కుటుంబం మనిషి. నునుపు లేని గొంతు, గొంతులో ఇనుప రజను ఉందా అన్నట్టు పాడేవాడు. ఫ్లమెంకోలో పాతవాళ్లకంటే పాతవాడిగా పేరు. అంతటి చాదస్తపు గాయకుడి పక్కన సితార్ పెట్టడమంటే సాహసమే. కానీ వినండి. కామరోన్ రికార్డులోలాగా చుట్టూ బ్యాండ్ హడావిడి లేదు కాబట్టి తీగ ఎక్కడ గొంతు వెంట వెళ్తోందో, ఎక్కడ ఆగి చోటిస్తోందో అంతా తెలిసిపోతుంది. నా దృష్టిలో ఈ కలయికలో ఇంతవరకు వచ్చిన అన్నిటికంటే నిజమైనది ఆ రికార్డే. ఎక్కువమందికి దాని పేరైనా తెలియకపోవడం నాకు కష్టంగా ఉంటుంది.

అందరికీ తెలిసింది 2011 నాటి ‘ట్రావెలర్’ ఆల్బం. అనూష్క శంకర్ సితార్, మాడ్రిడ్‌కి చెందిన హావియేర్ లిమోన్ నిర్మాణం. గ్రనాడా గిటారిస్టు పెపె ఆబిచ్వేలా, గాయకులు బుయికా, దుకెందె, సాంద్రా కరాస్కో, మన వైపు నుంచి శుభా ముద్గల్, తబలా మీద తన్మయ్ బోస్. దుకెందె చిన్నతనంలోనే కామరోన్ మెప్పు పొందినవాడు. పియానో వాయించిన పెద్రో రికార్దో మిన్యో తండ్రి రికార్దో మిన్యో త్రియానా గిటారిస్టు, గ్వాల్బెర్తో సితార్‌తో కలిసి రికార్డులు చేసినవాడు. 1979 దారం తెగలేదన్నమాట. 2013లో ఈ ఆల్బం గ్రామీకి పోటీలో నిలిస్తే, అదే విభాగంలో అంతకు కొద్ది వారాల ముందే కన్నుమూసిన అనూష్క తండ్రి రవిశంకర్ ఆల్బం గెలిచింది. ‘ట్రావెలర్’లో వేగంగా పరిగెత్తే ముక్కలకి చప్పట్లు ఎక్కువ పడతాయి. నాకు మాత్రం ఆబిచ్వేలాతో అనూష్క చేసిన నెమ్మదైన జుగల్బందీ ఎక్కువ. ‘బాయ్ మీట్స్ గర్ల్’ అని దాని పేరు. అందులో సితార్ పాడుతుంది, గిటార్ వింటుంది.

గిటార్ వైపునుంచి కూడా ఒకాయన ఇటు నడిచాడు. జాన్ మెక్‌లాఫ్లిన్. భారతీయ సంగీతకారులతో కట్టిన ‘శక్తి’ బృందం కోసం తన గిటార్‌కి తరఫ్ తీగలు కట్టించుకున్నాడు, స్వరం వంచడానికి వీలుగా మెట్ల మధ్య చెక్కని గుంటలు పడేలా చెక్కించుకున్నాడు. గిటార్‌కి ఏది తక్కువో అంత స్పష్టంగా తెలిసిన గిటారిస్టు మరొకరు లేరు. ఆయనే 1980 డిసెంబర్ 5న శాన్ ఫ్రాన్సిస్కోలో పాకో దె లూసియా పక్కన కూర్చుని వాయించాడు. ఆ తర్వాత ‘రిమెంబర్ శక్తి’లో ఆయన పక్కన కూర్చున్నది మన పాలకొల్లు బిడ్డ, మాండలిన్ శ్రీనివాస్. మెట్లున్న చిన్న వాద్యం మీద గమకాలు పలికించిన శ్రీనివాస్‌ని ఒక్క సొలెయా గాయకుడి పక్కన వినాలని నాకు ఉండేది. 2014లో ఆయన వెళ్లిపోయాడు. పాకో దె లూసియా పోయిందీ ఆ ఏడాదే.

ఫ్లమెంకో బయటి వాద్యాల్ని రానివ్వదనుకోకండి. ఈరోజు ప్రతి ఫ్లమెంకో వేదిక మీదా కనబడే కహోన్, ఆ చెక్కపెట్టె, పెరూ దేశపు నల్లజాతివాళ్ల వాద్యం. 1970ల చివర్లో పాకో దె లూసియా అక్కడ చూసి తెచ్చుకున్నాడు. పదేళ్లు తిరక్కుండా అది పుట్టినప్పటినుంచీ అక్కడే ఉన్నట్టు స్థిరపడింది. దాదాపు అదే కాలంలో వచ్చిన సితార్ ఇంకా అతిథిగానే ఉంది. కహోన్‌కి తాళం తెలిస్తే చాలు. సితార్ గొంతు వెంట నడవాలంటే వాయించేవాళ్లకి పాట రావాలి. ఏ పాట పాదం ఎక్కడ విరుగుతుందో, సొలెయాలో త్రియానా బాణీ ఏదో, కాదిస్ బాణీ ఏదో తెలియాలి. గ్వాల్బెర్తో సెవిల్‌లో పుట్టాడు గనుక అది ఆయనకి ఒంట్లో ఉంది, సితార్ తర్వాత నేర్చుకున్నాడు. మన దేశం నుంచి వెళ్లేవాళ్లకి సితార్ ఒంట్లో ఉంటుంది, పాట నేర్చుకోవాలి. రెండు వారాల రిహార్సల్‌తో అది రాదు. అక్కడి గాయకుల దగ్గర కూర్చుని, వాయించకుండా వినే ఏళ్లు కొన్ని కావాలి. మన గురుకుల పద్ధతిలో పెరిగిన పిల్లలకి ఆ ఓపిక ఉంటుంది. అలాంటి ఒకరిద్దరు కుర్రవాళ్లని అక్కడికి పంపే సంగీత సంస్థ ఏదైనా ముందుకొస్తే బాగుండునని నా కోరిక.

వినాలనుకునేవాళ్లు ముందు ఎవరిదైనా మంచి తోడి ఆలాపన, కృతి లేకుండా ఉత్త ఆలాపన, చెవిలో వేసుకోండి. ఆ వెంటనే కామరోన్ నానా. తర్వాత అగుహేతాస్ రికార్డు మొత్తం, ఒకే బిగిన. ‘ట్రావెలర్’ని ఆఖర్న పెట్టుకోండి. అగుహేతాస్ మొదట కరుకుగా తగిలితే ఆపేయకండి. రెండో పాట నుంచి సితార్‌ని వదిలేసి ఆయన గొంతునే పట్టుకోండి, సితార్ దానంతటదే వినబడుతుంది.